వినిపించని మాఫీ

మొన్నొక మధ్యాహ్నం భోజనమై, పడక్కుర్చీలో వాలి, పేపరు మొహాన కప్పుకుని కునుకు తీద్దామనుకుంటున్న వేళ నా సెల్‌ఫోను గుర్రుమంది. తీసి చూద్దును కదా, మా అపార్టుమెంటు పై అంతస్తులో అద్దెకుంటున్న నర్సు అమ్మాయి ఫొటో ఒకటి, దాని కింద వంకర తెలుగులో నాలుగు వాక్యాలు: ఈమె మా దగ్గర అప్పు తీసుకుని ఎగ్గొట్టిన దొంగ, ఈమె ఫోనులో మీ నంబరు ఉంది, పరువు గల మనుషులైతే మీరైనా చెప్పి కట్టించండి అని. పంపింది ఎవరో, ఏ ఊరివాళ్ళో తెలియదు. అరగంటకల్లా ఆ అమ్మాయే మెట్లు దిగి వచ్చి మా గుమ్మం అవతల నిలబడింది. చున్నీ అంచు నోటికి అడ్డం పెట్టుకుని, నా మొహంలోకి కాక నేల వంక చూస్తూ, "మీకూ వచ్చిందా అంకుల్?" అని అడిగింది.

"వచ్చిందమ్మా. చెరిపేశాను. లోపలికి రా," అన్నాను.

రాలేదు. వాళ్ళమ్మకి స్కానింగు తీయించడానికి ఫోనులో ఏదో యాప్ ద్వారా కాస్త డబ్బు తీసుకుందట, తీసుకున్నదానికి రెట్టింపు కట్టినా ఇంకా ఉందంటున్నారట, ఇప్పుడు ఆమె ఫోనులో నంబరున్న ప్రతివాళ్ళకీ ఈ ఫొటో వెళుతోందట. మా ఆవిడ ఆమెను చెయ్యిపట్టుకుని లోపలికి తీసుకొచ్చి కాఫీ ఇచ్చి, మర్నాడు తానే వెంట వెళ్ళి పోలీసు స్టేషన్లో కంప్లయింటు ఇప్పించింది. ఆ బెదిరింపులు ఆగాయి, ఆ కథ అంతటితో ముగిసింది. కానీ గుమ్మం అవతల తల దించుకుని నిలబడిన ఆ మనిషిని చూసినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. అలా నిలబడడం నేనింతకుముందు ఒకసారి చూశాను. అప్పుడు నేను గుమ్మానికి రెండో వైపు ఉన్నాను. అంటే, నిలబెట్టినవాణ్ని నేనే.

ఈ సంగతి నేను మా పిల్లలకి కూడా ఎన్నడూ పూర్తిగా చెప్పలేదు. మన ఈడు వాళ్ళకైతే చెప్పుకోవచ్చు, ఆ రోజులు మీరూ చూసినవాళ్ళే కనుక.

మా నాన్న ఉయ్యూరు దగ్గర చెరకు తోటల్లో కౌలు సేద్యం చేసేవారు. నాకు డిగ్రీ అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి నన్ను బెజవాడలో మా మేనత్త దగ్గరికి పంపించారు. మేనత్త మిషన్ బడిలో టీచరుగా చేసి రిటైరై, పటమటలో రెండు గదుల పెంకుటిల్లు కొనుక్కుని ఒంటరిగా ఉండేది. మామయ్య నా చిన్నప్పుడే పోయాడు, పిల్లలు లేరు. సన్నగా, నిటారుగా, ఎప్పుడూ తెల్ల చీరలో, చూడ్డానికి కాస్త భయం పుట్టించే మనిషి. బైబిలు ఆవిడకి ఆదివారం పుస్తకం కాదు, రోజువారీ లెక్కల పుస్తకం లాంటిది. మా చర్చిలో అందరూ పాటల దగ్గర, ప్రార్థనల దగ్గర కళ్ళు మూసుకుంటే, ఆవిడ మాత్రం మోషే ధర్మశాస్త్రంలో ఎవరూ చదవని పేజీలు, పొలం గట్లు, తూకం రాళ్ళు, కూలీ డబ్బు, అప్పులు, తాకట్లు, ఇవన్నీ ఉన్న పేజీలు కళ్ళు తెరుచుకుని చదివేది. దేవుడికి మన పాటల కంటే మన లావాదేవీల మీదే ఎక్కువ పట్టింపు అని ఆవిడ అనుమానం.

ఆవిడ పింఛనులో కొంత తీసి పేటలో అవసరమైనవాళ్ళకి అప్పు ఇస్తూ ఉండేది. వడ్డీ పైసా పుచ్చుకునేది కాదు. అలాగని మెత్తని మనిషేమీ కాదు. దేనికని అడిగేది. ఇంట్లో జబ్బు అంటే మారు మాట్లాడకుండా ఇచ్చేది, బంధువుల ముందు గొప్పకి అంటే తలుపు వేసేసేది. చేతిలో డబ్బు ఉండీ తిరిగి ఇవ్వనివాళ్ళని వీధిలోనే నిలేసేది. తీసుకుని ఇవ్వనివాణ్ని కూడా బైబిలు వాక్యం మెచ్చుకోలేదు కదా అనేది. నాకు వింతగా తోచే అలవాటు ఇంకొకటుంది. బాకీ అడగడానికి వెళితే ఆ ఇంటి గుమ్మం దాటేది కాదు. లోపలికి రండి టీచరుగారూ, కూర్చోండి అని ఎంత బతిమాలినా, ఎండలోనైనా వానలోనైనా బయటే నిలబడేది. అప్పిచ్చినవాడు బాకీదారు ఇంట్లోకి చొరబడకూడదట, బయటే ఉండాలట, ఇవ్వగలిగింది వాళ్ళే తెచ్చి ఇవ్వాలట. పేదవాడి ఇంట్లో ఏముందో, ఏం లేదో చూసే హక్కు అప్పిచ్చినంత మాత్రాన మనకి రాదు కదరా అనేది. నేను నవ్వుకునేవాణ్ని. ఇరవై రెండేళ్ళ వయసు, కామర్సు డిగ్రీ నావి.

ఆ డిగ్రీకి ఏడెనిమిది నెలలు తిరిగాక దొరికిన ఉద్యోగం, బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మేడ మీద గదిలో నడిచే చిన్న ఫైనాన్స్ కంపెనీలో. ఆ కంపెనీ ఇప్పుడు లేదు, ఆ మేడా లేదు. చిన్న చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్ళకి ప్రోనోటు మీద డబ్బివ్వడం, ఇచ్చేటప్పుడే కొంత పట్టుకుని మిగతాది చేతిలో పెట్టడం, వంద రోజుల పాటు రోజూ ఇంటికెళ్ళి వసూలు చేయడం, ఇదీ పని. నాకు ఒక పాత మోపెడ్, తోలు సంచీ ఇచ్చారు. మొదటి జీతం మేనత్త చేతిలో పెడితే ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, వడ్డీ ఎంత పడుతుందిరా అని అడిగింది. చెప్పాను. కాసేపు వేళ్ళ మీద లెక్కేసుకుని, ఆ నోట్లు మళ్ళీ నా జేబులోనే పెట్టేసింది.

బ్యాంకులు మాత్రం వడ్డీ తీసుకోవడం లేదా అని వాదించాను. "వ్యాపారం పెంచుకునేవాడికి పెట్టుబడి పెట్టి లాభంలో వాటా అడగడం వేరురా," అంది ఆవిడ. "పూట గడవనివాడికి ఇచ్చి, వాడి అవసరం మీద మనం పంట పండించుకోవడం వేరు. నువ్వు ఎలాంటివాళ్ళ ఇళ్ళకి వెళుతున్నావో నీ కళ్ళతో చూసుకో." ఆ తర్వాత నా ఉద్యోగం గురించి ఎన్నడూ మాట్లాడలేదు. ఇంటి ఖర్చుకి నా దగ్గర డబ్బూ తీసుకోలేదు.

నేను వసూలుకెళ్ళే ఇళ్ళలో ఆటోనగర్ వైపు ఒక సందులో ఒక ముస్లిం కుటుంబం ఉండేది. ఆయన లారీ బాడీలు కట్టే వడ్రంగి మేస్త్రి. ఆమె పొద్దున్నే ఇంటి ముందు బల్ల వేసుకుని వర్క్‌షాపు పనివాళ్ళకి ఇడ్లీలు, అట్లు అమ్మేది. ఇద్దరు ఆడపిల్లలు. పేటంతా ఆమెను ఆపా అని పిలిచేవారు, అక్క అని. నేనూ అలాగే పిలిచేవాణ్ని. ఆమె నన్ను తమ్ముడూ అనేది. ఆమె ఇడ్లీ మీద వేసే అల్లం పచ్చడి కోసం ఆఫీసుకెళ్ళే దారి కాకపోయినా చుట్టూ తిరిగి వెళ్ళిన రోజులున్నాయి. రోజూ తెల్లవారకముందే రోట్లో పిండి రుబ్బీ రుబ్బీ ఆమె భుజం పట్టేసిందని, కోయంబత్తూరు గ్రైండరు ఒకటి కొనుక్కుంటే రెట్టింపు గిరాకీ అందుకోవచ్చని ఆమెకు ఆశ పుట్టించినవాణ్ని నేనే. ఆ నెల నాకు కొత్త ఖాతాలు తక్కువ పడ్డాయి.

ఆయన ఒప్పుకోలేదు. మెల్లగా, నాకు బాధ కలగకుండా చెప్పాలన్నట్టు, "మాకు వడ్డీ కుదరదు బాబూ. ఇవ్వడమూ తప్పే, తీసుకోవడమూ తప్పే," అన్నాడు.

ఆ మాట మా మేనత్త నోటి వెంట రోజూ వినేదే. అయినా నేను, ఇప్పుడు తలుచుకుంటే నా నాలుక మీద నాకే అసహ్యం వేస్తుంది, అది వడ్డీ కాదండీ, సర్వీసు చార్జీ అన్నాను. కంపెనీ వాళ్ళు అచ్చేసిన కాగితంలో వడ్డీ అన్న మాటే లేదు చూసుకోండి అని చూపించాను కూడా. నిజంగానే లేదు. ఆయన ఆ కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. చదువు అంతగా రాదు. నా మొహం వంక చూశాడు. నా మొహాన్ని చదివి సంతకం పెట్టాడు.

గ్రైండరు వచ్చింది, చోటు చాలక ఆమె పాత రోలు ఎవరికో ఇచ్చేసింది. రెండు నెలలు అంతా బాగానే జరిగింది. నేను వెళ్ళేసరికి రోజు వాయిదా సొమ్ము డబ్బా కింద విడిగా పెట్టి ఉండేది. మూడో నెలలో ఆయన చెయ్యి రంపం మిషనులో పడింది. కుడిచేతి వేళ్ళు మూడు పోయాయి. పని పోయింది, ఇడ్లీల మీద వచ్చేది ఆస్పత్రికి చాలలేదు. వాయిదాలు ఆగాయి. వారం చూశాం, రెండు వారాలు చూశాం. మేనేజరు నన్ను పిలిచి, ఆ ఇంట్లో గ్రైండరు తప్ప అమ్ముకోదగ్గ వస్తువు లేదన్న సంగతి నువ్వే రాశావు కదా, వెళ్ళి అది ఎత్తుకురా అన్నాడు. నిజమే, నేనే రాశాను. గ్రైండరు వచ్చిన వారంలోనే వాళ్ళ ఇంట్లోకి వెళ్ళి, చాపమీద కూర్చుని, వాళ్ళిచ్చిన టీ తాగుతూ, ఉన్న సామాను జాబితా రాసుకుంది నేనే.

ఒక గురువారం పొద్దున ఎనిమిదింటికి, ఇద్దరు మనుషులతో, ఒక రిక్షాతో వెళ్ళాను. ఆ వేళ బల్ల దగ్గర పదిమంది దాకా తింటున్నారు. అటువంటి పనికి అదే సరైన వేళ అని కంపెనీలో పాతవాళ్ళు నేర్పారు, జనం ముందైతే ఎదురు తిరగరని. ఆమె నన్ను చూసి నవ్వింది, ఇడ్లీకి వచ్చాననుకుని. వెనక రిక్షా చూశాక ఆ నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు అయిపోయింది. గుమ్మం దగ్గరికొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళు దించుకుని నిలబడింది. నేను కాగితం తీసి చదివాను. గ్రైండరు లోపల తిరుగుతూనే ఉంది, ఆ చప్పుడులో నా గొంతు నాకే వినపడక ఇంకొంచెం గట్టిగా చదివాను.

"తమ్ముడూ, అందులో పిండి ఉంది. ఈ ఒక్క వాయి తిరగనివ్వు," అందామె.

నేను లోపలికెళ్ళి స్విచ్చి ఆపేశాను.

సగం నలిగిన మినప్పిండి. పెద్దపిల్ల బేసిను పట్టుకుంది, ఆమె రెండు చేతులతో పిండి తోడి అందులో వేసింది. తోడుతూనే ఉంది, రాతికి అంటుకున్నది కూడా వేళ్ళతో గీకి గీకి వేసింది, ఒక చుక్కంత కూడా వదిలిపెట్టకూడదన్నట్టు. బయట తినేవాళ్ళు పళ్ళేలు పట్టుకుని చూస్తున్నారు. ఆయన లోపలి గదిలో, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. నన్ను తిట్టలేదు. ఆయన తిట్టి ఉంటే ఈ నలభై ఏళ్ళలో నాకు కాస్తయినా తేలికగా ఉండేదేమో.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర నేను ఈ సంగతి మేనత్తకి చెప్పాను. ఒప్పుకోవడానికి కాదు; మేనేజరు మెచ్చుకున్నాడని చెప్పడానికి. ఆవిడ ముద్ద చేతిలోనే పెట్టుకుని విన్నది. విని, కంచం పక్కకి జరిపింది.

"ఏం తెచ్చావన్నావు?"

"గ్రైండరు."

"అంటే తిరగలిరా," అంది ఆవిడ. గొంతు పైకెత్తలేదు. తిరగలిని గాని, దాని మీది రాతిని గాని తాకట్టు పట్టొద్దన్నాడు దేవుడు, అది ఒక మనిషి ప్రాణాన్ని తాకట్టు పట్టినట్టే అన్నాడు, కాగితం మీద ఉన్నా సరే ముట్టుకోవద్దన్నాడు అని చెప్పి, ఇంకా ఎంత బాకీ ఉంది అని అడిగింది. చెప్పాను. చెయ్యి కడుక్కుని లోపలికెళ్ళి పెట్టె తెరిచింది. ముందు గది పెంకులు తీయించి స్లాబు వేయించాలని ఆవిడ మూడేళ్ళుగా దాచుకుంటున్న డబ్బు అందులో ఉండేది.

మర్నాడు శుక్రవారం, ఆవిడ నాతోపాటు బెంజ్ సర్కిల్ వచ్చి, మోకాళ్ళ నొప్పులతో ఆ మేడమెట్లు ఆగి ఆగి ఎక్కి, మేనేజరు ముందు కూర్చుని, మిగిలిన సొమ్ము పైసలతో సహా లెక్కపెట్టి ఇచ్చింది. ప్రోనోటు వెనక్కి తీసుకుని, చెల్లు అని రాయించి, స్టాంపు మీది సంతకం దగ్గర చింపించింది. మేనేజరు, మీకు వాళ్ళేమవుతారమ్మా అని అడిగాడు. పొరుగువాళ్ళు అంది. బయటికొచ్చాక ఆ కాగితం నా చేతిలో పెట్టి, "గ్రైండరు ఇవాళే ఇచ్చెయ్. తాకట్టు పెట్టిన దుప్పటి పొద్దు గూకేలోగా తిరిగి ఇవ్వమన్నాడు, వాడు దేన్ని కప్పుకుని పడుకుంటాడని. ఈమె రేపు పొద్దున దేనితో రుబ్బుకుంటుంది?" అంది. నాలుగడుగులు వేసి మళ్ళీ ఆగి, అప్పు లేదన్న సంగతి నీ నోటితో చెప్పు, వాళ్ళు విన్నారని నీకు రూఢి అయ్యేదాకా చెప్పు అంది. యాభయ్యో ఏట అప్పుల కింద పోయిన పొలాలనీ మనుషులనీ వదిలెయ్యమన్నవాడు ఊరికే వదిలెయ్యమని ఊరుకోలేదట, దేశమంతా వినపడేలా బూర ఊదించమన్నాడట. మాఫీ చేయడం సగం పనే, వినిపించడం మిగతా సగం అని ఆవిడ లెక్క.

నేను ఆ రోజు వెళ్ళలేదు.

ఎందుకు వెళ్ళలేదని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. రిక్షా దొరకలేదని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి సిగ్గు. అంతమంది ముందు దర్జాగా ఎత్తుకొచ్చిన వస్తువును అంతమంది ముందే మళ్ళీ మోయించుకుంటూ వెళ్ళాలంటే తల కొట్టేసినట్టనిపించింది. జనం తక్కువగా ఉండే వేళ చూసుకుందాం అనుకున్నాను. సాయంత్రం ఇంటికెళితే మేనత్త వాకిట్లోనే నిలబడి ఉంది. ఇచ్చేశావా అంది. ఇచ్చేశానత్తా అన్నాను. ఏమన్నారు అంది. సంతోషించారన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో. ఆవిడ కళ్ళు తుడుచుకుని లోపలికెళ్ళింది. శనివారం కంపెనీ పని మీద గుడివాడ వెళ్ళాను. ఆదివారం చర్చిలో మేనత్త పక్కనే కూర్చుని పాటలు పాడాను. సోమవారం ఎండ ఎక్కువగా ఉందనుకున్నాను.

మంగళవారం వెళ్ళాను. ఇంటికి తాళం వేసి ఉంది. బల్ల లేదు. అరుగు మీద బొగ్గుల మసి మాత్రం ఉంది. రిక్షా మీద గ్రైండరు, పక్కన నేను. ఇంటి యజమానురాలు, పక్క వాకిట్లోంచి నన్ను ఎగాదిగా చూసింది.

"ఎక్కడికెళ్ళారండీ?"

"ఇప్పుడడుగుతున్నారా? నిన్న పొద్దున బందరు బస్సెక్కారు. సామానంతా నాకే ఇచ్చి అద్దె చెల్లు చేసుకోమన్నారు. నాలుగు రోజులు ఆపా ఊళ్ళోవాళ్ళ రోళ్ళ చుట్టూ తిరిగి రుబ్బుకొచ్చింది. ఏ అలికిడైనా మీరే వచ్చారని వణికిపోయేది. గ్రైండరు పోతే పోయింది వదినా, మిగతా దానికి ఈసారి ఆయన్ని పట్టుకుపోతారేమో అని ఒకటే ఏడుపు." ఆమె నా రిక్షా వంక చూసి, "ఇదెందుకు తెచ్చారు?" అంది.

నేను ఏం చెప్పానో గుర్తులేదు. బందరులో ఎక్కడ అని అడిగితే ఆమెకు తెలియదంది. గ్రైండరును ఎక్కడ దింపాలో తెలియక మా ఇంటికే తెచ్చి వసారాలో దింపించాను. మేనత్త బయటికొచ్చి దాన్ని చూసింది. నన్ను చూసింది. అబద్ధం చెప్పావా అని అడగలేదు. వెళ్ళి ఒక గోనెపట్టా తెచ్చి రాయి మీద కప్పింది, అంతే. తర్వాత ఎవరైనా అమ్మమని అడిగినా, మాకు వాడుకోవడానికి పనికొస్తుంది కదా అని నేనన్నా, మనది కాదు అనేది. ఆ ఏడు వానాకాలం ముందు గది మూడు చోట్ల కారింది. స్లాబు డబ్బు లేదు కదా. చినుకు పడగానే ఆవిడ లేచి, గిన్నెలు పెట్టేది. గిన్నెల్లో నీళ్ళు పడే టపటప చప్పుడులో మేమిద్దరం రాత్రంతా కూర్చునేవాళ్ళం. ఇప్పటికీ ఎక్కడైనా అలాంటి చప్పుడు వింటే నేను ఆ గదిలో ఉండను.

నేను ఉద్యోగం మానేశాను. ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా పని దొరికింది. సెలవు దొరికిన ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక బందరు బస్సెక్కి, ముస్లింలు ఉండే పేటల్లో, వడ్రంగి కొట్లలో, మసీదుల దగ్గర, కుడిచేతికి మూడు వేళ్ళు లేని మేస్త్రి గురించి అడిగేవాణ్ని. ఎవరడుగుతున్నారు అనేవాళ్ళు. బెజవాడ నుంచి వచ్చాను, ఆయనతో డబ్బు విషయం మాట్లాడాలి అని నిజమే చెప్పేవాణ్ని. వెంటనే వాళ్ళ మొహాలు మూసుకుపోయేవి. మాకు తెలియదు అనేవాళ్ళు. నేను వెతికేకొద్దీ వాళ్ళని ఇంకా లోపలికి తరుముతున్నానన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

అలా ఐదేళ్ళు గడిచాక ఒక మిట్టమధ్యాహ్నం బందరు బస్టాండులో ఆమెను చూశాను. బురఖాలో ఉంది, ముసుగు వెనక్కి వేసుకుని, చిన్నపిల్లకి సోడా తాగిస్తోంది. పెద్దపిల్ల ఆమె భుజం దాకా ఎదిగింది. ఆయన లేడు. నోరారా "ఆపా!" అని పిలిచాను.

ఆమె తలెత్తింది. నన్ను గుర్తుపట్టడానికి క్షణం కూడా పట్టలేదు. ముసుగు మొహం మీదికి లాక్కుంది, సోడా సీసా అక్కడే వదిలేసింది, పిల్లలిద్దరి చేతులూ పట్టుకుని పరుగెత్తింది. అవనిగడ్డ వైపు వెళ్ళే బస్సు ఒకటి కదులుతోంది. పిల్లల్ని ముందుకు తోసి తానూ ఎక్కేసింది. నేను వెనకాలే పరుగెత్తాను. "ఆపా! ఆపా! అప్పు లేదు! అప్పు తీరిపోయింది!" అని అరిచాను. ఇంజను మోతలో, హారన్లలో నా మాటల్లో ఎవరికి ఎన్ని వినపడ్డాయో గాని, అప్పు అన్న మాట మాత్రం బస్టాండంతటికీ వినపడింది. ఎవడో నవ్వాడు. ఆపా అంటే బస్సు ఆపమంటున్నాననుకుని, ఏంటయ్యా ఆడవాళ్ళ వెంటపడి బాకీ వసూలా అని ఒకాయన నా భుజం పట్టుకుని ఆపాడు. కిటికీలోంచి జనమంతా ఆమె వైపు తిరిగి చూస్తున్నారు. ఆమె కిటికీ ఊచల మధ్య నుంచి రెండు చేతులూ జోడించింది. ముసుగు వెనక నుంచి వచ్చిన మాట నాకు స్పష్టంగా వినపడింది.

"ఇచ్చేస్తాను తమ్ముడూ. ఆయన పోయాడు. పిల్లలు పెద్దవనీ, ఇచ్చేస్తాను."

బస్సు వెళ్ళిపోయింది. ఆ భుజం పట్టుకున్నాయనని విడిపించుకుని, ఇంకో బస్సులో అవనిగడ్డ దాకా వెళ్ళాను. దారిలో ప్రతి స్టేజీ దగ్గరా దిగి అడిగాను. ఎక్కడ దిగారో చెప్పినవాళ్ళు లేరు.

ఇంటికొచ్చి మేనత్తకి చెప్పాను. అప్పటికి ఆవిడ మంచం పట్టింది. "ఐదేళ్ళ కింద ఆ శుక్రవారం చెప్పాల్సిన మాటరా అది," అంది. ఆ చలికాలంలోనే ఆవిడ పోయింది. పోయేముందు నా చేత ఒక్కటే మాట తీసుకుంది, వెతకడం మానొద్దని. మానలేదు. ఆ ఇల్లు అమ్మి ఫ్లాటులోకి వచ్చేటప్పుడు గ్రైండరును మా చర్చి వెనక వీధిలో ఇడ్లీలు అమ్ముకునే ఒక విధవరాలికి ఇచ్చేశాను, మేనత్త ఒప్పుకుని ఉండేదో లేదో తెలియదు. మా సంఘంలో వడ్డీ లేని అప్పుల నిధి ఒకటి పెట్టించాను. ఇందులో బాకీ తీరిన ప్రతివారి ఇంటికీ నేనే వెళ్ళి, గుమ్మం బయటే నిలబడి, మీరు మాకు ఏమీ ఇవ్వనక్కర్లేదు, అంతా చెల్లు అని పైకి చెప్పి వస్తాను. ఇంట్లో ఆడవాళ్ళనీ పిల్లల్నీ కూడా పిలవమని, వాళ్ళు వచ్చాక చెబుతాను. పెద్దాయన చాదస్తం అని మా కుర్రవాళ్ళు నవ్వుకుంటారని నాకు తెలుసు.

అన్నీ మారిపోయాయి. ఇప్పుడు అప్పు ఇవ్వడానికి మనిషి అక్కర్లేదు, అడగడానికీ అక్కర్లేదు. నా రోజుల్లో వసూలుకొచ్చేవాడికి ఒక మొహం ఉండేది, ఆ మొహానికి కాస్త సిగ్గో, ఆలస్యంగానైనా ఒక పశ్చాత్తాపమో పుట్టే వీలుండేది. ఇప్పుడు ఎక్కడో తెలియని ఊరిలో యంత్రం తిడుతుంది, దానికి రాత్రి నిద్ర పట్టకపోవడం అన్నది ఉండదు. అప్పటి మేమే మంచివాళ్ళమని చెప్పడం లేదు. నేనెలాంటివాణ్నో ఇంతసేపూ చెప్పాను కదా. అవనిగడ్డ రోడ్డు ఇప్పుడు వెడల్పయింది. ఏడాదికొకసారి మా ఆవిడతో ఆ వైపు వెళతాను. దారిలో ఊరూరా ఆగి అరటిపళ్ళో, మజ్జిగో కొనే వంకతో అడుగుతాను. ఆమె ఉంటే ఎనభై దగ్గరికి వచ్చి ఉంటుంది. పోయి ఉంటే, ఆ మాట వినకుండానే పోయింది.

నన్ను ఎక్కువగా పట్టి పీడించేది ఆ పిల్లలు. ఇద్దరికీ ఇప్పుడు నడి వయసు దాటి ఉంటుంది. చేతిలో నాలుగు రూపాయలు ఆడినప్పుడల్లా బెజవాడలో నాన్న చేసిన అప్పు ఒకటుందని తల్లి చెప్పి ఉంటుంది, తెలియనివాళ్ళు ఎవరైనా తలుపు కొడితే ఇంకా ఉలిక్కిపడుతూ ఉంటారు. వాళ్ళు ఎవరికీ ఒక్క పైసా బాకీ లేరన్న సంగతి తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద ముగ్గురే ఉండేవారు. మేనత్త పోయింది, ఆ మేనేజరు పోయాడు. ఇక నేనొక్కణ్నే ఉన్నాను.